కుస్తీకి లెక్క నేర్పిన హైస్కూలు కోచ్: ఆర్ట్ గ్రిఫిత్



కుస్తీలో ఎవరు గెలిచారో చెప్పడం తేలికా, కష్టమా? ఊరి గోదా దగ్గర కూర్చున్న పాత వస్తాదును ఎవరినైనా అడిగి చూడండి. "వీపు మట్టికి అంటినవాడు ఓడాడు, అంటించినవాడు గెలిచాడు. ఇందులో కష్టమేముంది?" అంటాడు. నిజమే. ప్రత్యర్థిని చిత్తు చేస్తే వాదనకు తావు లేదు. కానీ ఇద్దరూ గట్టివాళ్ళై, ఎంతసేపు పెనుగులాడినా ఎవరి వీపూ నేలకు అంటకపోతే? మన గోదాల్లో అలాంటప్పుడు ఇద్దరినీ సమఉజ్జీలని ప్రకటించి, ఇద్దరి చేతులూ పైకెత్తి పంపించడం ఉంది. జాతరలో జరిగే కుస్తీకి అది సరిపోతుంది. ఒక బడి జట్టు మరో బడి జట్టుతో తలపడి, ఆ సాయంత్రానికి ఫలితం తేలాలంటే మాత్రం సరిపోదు.

ఈ చిక్కును విప్పడానికి పూనుకున్నవారిలో ముఖ్యుడు ఆర్ట్ గ్రిఫిత్. మన దేశంలో ఈ పేరు విన్నవారు తక్కువ. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, ఒక హైస్కూలు కుర్రాళ్ళకు దాదాపు పదిహేనేళ్ళు కుస్తీ నేర్పిన శిక్షకుడు ఆయన. ఆ తరువాత కళాశాల జట్టుకు, ఒలింపిక్ జట్టుకు కూడా శిక్షణ ఇచ్చారు. అయితే ఆయన సాధించిన విజయాలకన్నా ఆయన వేసుకున్న ప్రశ్న పెద్దది: కుస్తీలో అసలు దేన్ని లెక్కపెట్టాలి? ఈ ప్రసంగంలో ఆ శిక్షకుడి కృషిని, ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాన్ని, ఆ సమాధానం మన క్రీడాకారుల దాకా ఎలా వచ్చిందో తెలుసుకుందాం.

చమురు పట్టణంలో ఒక బడి జట్టు

టల్సా ఓక్లహోమా రాష్ట్రంలోని పట్టణం. 1905లో దాని సమీపంలో చమురు బయటపడింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆ ఊరు 'ప్రపంచ చమురు రాజధాని' అనిపించుకునేంతగా పెరిగింది. ఆ పట్టణంలోని పెద్ద బడి టల్సా సెంట్రల్ హైస్కూలు. 1920ల మధ్య నుంచి 1940 దాకా గ్రిఫిత్ శిక్షణ ఇచ్చింది అక్కడే.

అమెరికా బడుల్లో కుస్తీ జరిగే తీరు మన గోదా పద్ధతికి భిన్నమైనది. ఇక్కడ ఒక పహిల్వాను మరో పహిల్వానుతో తలపడతాడు. అక్కడ ఒక బడి మరో బడితో తలపడుతుంది. కుర్రాళ్ళను బరువులవారీగా విభజిస్తారు. అతి తేలికైన పిల్లవాడి నుంచి అతి బరువైన వాడి వరకు ఒక్కో తరగతికి ఒక్కో కుర్రాడు జట్టు తరఫున బరిలోకి దిగుతాడు. ఒక్కో విజయానికి జట్టు ఖాతాలో ఇన్ని మార్కులని చేరతాయి. ఈనాటి లెక్క ప్రకారం ప్రత్యర్థిని చిత్తు చేస్తే జట్టుకు 6, మామూలుగా గెలిస్తే 3. చివరికి ఎక్కువ మార్కులు వచ్చిన బడి గెలిచినట్టు. రెండు జట్ల మధ్య జరిగే ఈ పోటీని 'డ్యూయల్ మీట్' అంటారు.

ఈ ఏర్పాటులో ఒక విశేషం గమనించండి. బక్కపలచని కుర్రాడి గెలుపుకూ, భారీకాయుడి గెలుపుకూ జట్టు లెక్కలో విలువ ఒక్కటే. బాస్కెట్‌బాల్‌కు పొడవు చాలదని, ఫుట్‌బాల్‌కు బరువు చాలదని పక్కన కూర్చోబెట్టిన పిల్లవాడికి కూడా కుస్తీ జట్టులో చోటు ఉంటుంది. బడి కుస్తీ అమెరికాలో వేళ్ళూనడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

గ్రిఫిత్ శిక్షణలో టల్సా సెంట్రల్ జట్టు 100 డ్యూయల్ మీట్లు ఆడి 94 గెలిచింది. అందులో వరుసగా 50 విజయాలు ఉన్నాయి. ఈ అంకెల అర్థం గ్రహించాలంటే బడి జట్టుకూ వృత్తిక్రీడాకారుల జట్టుకూ తేడా తెలియాలి. వృత్తి జట్టులో మంచి ఆటగాడు పదేళ్ళు ఉంటాడు. బడి జట్టులో ఎంత గొప్ప కుర్రాడైనా మూడు నాలుగేళ్ళకు చదువు ముగించి వెళ్ళిపోతాడు. ఏటా కొత్తవాళ్ళు వస్తారు, వారికి మళ్ళీ మొదటి పట్టు నుంచి నేర్పాలి. అలాంటి చోట పదిహేనేళ్ళపాటు విజయాలు సాగాయంటే అది ఒకరిద్దరు ప్రతిభావంతుల వల్ల జరిగింది కాదు. ఏ కుర్రాడు వచ్చినా తీర్చిదిద్దగల బోధనా పద్ధతి ఏదో అక్కడ ఉందని అర్థం.

అయితే ఆ బడి తలుపులు అందరికీ తెరిచిలేవు. ఓక్లహోమాలో ఆ రోజుల్లో చట్టమే తెల్ల పిల్లలకూ నల్లజాతి పిల్లలకూ వేర్వేరు బడులు ఉండాలని శాసించింది. టల్సా సెంట్రల్ తెల్ల విద్యార్థుల బడి. నల్లజాతి పిల్లలు బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలుకు వెళ్ళేవారు. అదే పట్టణంలో 1921లో తెల్లవారి గుంపులు గ్రీన్‌వుడ్ అనే నల్లజాతి పేటపై దాడి చేసి, ఇళ్ళూ దుకాణాలూ తగలబెట్టి, ఎందరినో చంపాయి. గ్రిఫిత్ జట్టు విజయాలను లెక్కపెట్టేటప్పుడు, ఆ పోటీల్లో అడుగుపెట్టే అవకాశమే లేని పిల్లలు అదే ఊళ్ళో ఉన్నారన్న సంగతి మరచిపోరాదు. నల్లజాతి క్రీడాకారుడు అమెరికా కళాశాలల జాతీయ కుస్తీ టైటిల్ మొదటిసారి గెలిచింది 1957లో. అతడు అయోవా విశ్వవిద్యాలయ విద్యార్థి సైమన్ రాబర్ట్స్.

బడికీ కళాశాలకూ మధ్య వారధి

టల్సాకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో స్టిల్‌వాటర్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ఓక్లహోమా ఎ అండ్ ఎమ్ కళాశాల ఆనాడు అమెరికా కుస్తీకి కేంద్రం. 1957 నుంచి దీనినే ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ అంటున్నారు. అక్కడ శిక్షకుడు ఎడ్వర్డ్ గాలగర్. ఆయన చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగు. విద్యార్థిగా పేరు తెచ్చుకున్నది పరుగులోనూ ఫుట్‌బాల్‌లోనూ. అలాంటి వ్యక్తి కుస్తీని ఇంజినీరు కళ్ళతో చూశారు. మోచేయి ఎక్కడ ఆనితే ప్రత్యర్థి భుజం లేస్తుంది? బరువు ఏ కాలిమీద ఉన్నప్పుడు లాగితే మనిషి పడిపోతాడు? ఈ విధంగా మీటల సూత్రంతో, బలాల దిశతో పట్లను విశ్లేషించి వందలాది పట్లను క్రమబద్ధం చేశారు. ఆయన జట్లు 138 డ్యూయల్ మీట్లు గెలిచి 5 మాత్రమే ఓడిపోయాయి.

మంచి కళాశాల జట్టుకు మంచి హైస్కూళ్ళు కావాలి. చెరువు నిండాలంటే పైనున్న వాగులు పారాలి కదా! టల్సా సెంట్రల్ అలాంటి వాగు. గ్రిఫిత్ వద్ద నేర్చుకున్న స్టాన్లీ హెన్సన్ ఇందుకు మంచి ఉదాహరణ. టల్సా సెంట్రల్ నుంచి గాలగర్ జట్టులో చేరిన హెన్సన్ 1937, 1938, 1939 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు కళాశాలల జాతీయ చాంపియన్ అయ్యాడు. తరువాత వైద్యవిద్య చదివి శస్త్రవైద్యుడుగా స్థిరపడ్డాడు. అతని తమ్ముడు జోసయా హెన్సన్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించాడు. అదే ఒలింపిక్స్‌లో, మరో బరువు తరగతిలో, మన దేశానికి కూడా కుస్తీలో కాంస్యం వచ్చింది. ఆ సంగతి ముందు ముందు చెప్పుకుందాం.

గడియారం తీర్పు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ప్రత్యర్థి రెండు భుజాలనూ నేలకు అదిమి పట్టడాన్ని 'ఫాల్' అంటారు. ఫాల్ వస్తే పోటీ అక్కడితో ముగుస్తుంది. ఫాల్ రాకపోతే విజేతను ఎలా నిర్ణయించాలి?

1941కి ముందు అమెరికా కళాశాలల్లో ప్రధానంగా గడియారాన్ని నమ్ముకున్నారు. ప్రత్యర్థిని కింద పడవేసి, పైనుండి అదుపులో ఉంచిన సమయాన్ని కొలిచేవారు. ఎవరు ఎక్కువసేపు పైన ఉంటే వారికి 'సమయాధిక్యం' వచ్చినట్టు. ఫాల్ లేనప్పుడు గెలుపు వారిదే.

పైకి చూస్తే ఇది న్యాయంగానే ఉంది. గడియారానికి పక్షపాతం ఉండదు. కానీ కొలత ఏదైతే అభ్యాసం కూడా దాని వైపే సాగుతుంది. పైన ఉన్న సమయమే గెలుపైనప్పుడు, తెలివైన కుస్తీవీరుడు ఏం చేస్తాడు? ఒక్కసారి ప్రత్యర్థిని కింద పడవేసి, ఇక సాహసం చేయకుండా గట్టిగా పట్టుకుని కూర్చుంటాడు. చిత్తు చేయడానికి ప్రయత్నిస్తే పట్టు సడలే ప్రమాదం ఉంది, ఎందుకు ప్రయత్నించాలి? కింద ఉన్నవాడి పరిస్థితి మరీ ఘోరం. ఎంతో నేర్పుతో విడిపించుకుని లేచి నిలబడినా, అతని ఖాతాలో చేరేది ఏమీ లేదు. ప్రత్యర్థి గడియారం ఆగుతుంది, అంతే. చూసేవారికి కూడా ఎవరు ముందున్నారో తెలియడం కష్టం. లెక్క అంతా గడియారం పట్టుకున్నవారి చేతిలో ఉంటుంది.

పాయింట్ల పట్టిక

గ్రిఫిత్ సూచించిన మార్గం ఇది: సమయాన్ని ఒక్కదాన్నే కొలవడం మాని, కుస్తీలో జరిగే ప్రతి ముఖ్యమైన పనికీ ఒక విలువ కట్టాలి. ఈ పాయింట్ల పద్ధతికి అమెరికా కళాశాలల కుస్తీలో 1941లో ఆమోదం లభించింది. పాయింట్ల విలువలు కాలక్రమంలో కొంత అటూఇటూ మారాయి. చాలాకాలం వాడుకలో ఉన్న పట్టిక ఇలా ఉంటుంది.

టేక్‌డౌన్: నిలబడి ఉన్న ప్రత్యర్థిని కింద పడవేసి అదుపులోకి తెచ్చుకోవడం. 2 పాయింట్లు.

ఎస్కేప్: కింద ఉన్నవాడు పట్టు విడిపించుకుని బయటపడడం. 1 పాయింటు.

రివర్సల్: కింద ఉన్నవాడు విడిపించుకోవడమే కాక, తానే పైకి వచ్చి ప్రత్యర్థిని అదుపులోకి తెచ్చుకోవడం. 2 పాయింట్లు.

నియర్ ఫాల్: ప్రత్యర్థి వీపును నేలకు దగ్గరగా తెచ్చి కొన్ని సెకన్లు అలాగే నిలపడం. నిలిపిన సమయాన్ని బట్టి పాయింట్లు.

సమయాధిక్యం: గడియారాన్ని పూర్తిగా తీసివేయలేదు, దాని స్థానాన్ని తగ్గించారు. ఈనాటి కళాశాల నియమాల్లో ప్రత్యర్థికన్నా కనీసం 1 నిమిషం ఎక్కువ పైన ఉన్నవారికి 1 పాయింటు ఇస్తారు. హైస్కూలు కుస్తీలో ఈ పాయింటు లేదు.

ఫాల్ మాత్రం ఎప్పటిలాగే పోటీని అక్కడికక్కడే ముగిస్తుంది. అంటే పాత వస్తాదు చెప్పిన న్యాయం చెక్కుచెదరలేదు.

ఒక ఊహాజనితమైన పోటీని తీసుకుని రెండు పద్ధతుల్లోనూ లెక్క వేద్దాం. రవి, సలీం అనే ఇద్దరు కుర్రాళ్ళు 8 నిమిషాలు పోరాడారనుకోండి.

మొదటి నిమిషం ఇద్దరూ నిలబడే ఉన్నారు. 1వ నిమిషం పూర్తవుతూనే రవి సలీంను కింద పడవేశాడు (రవి 2). 4వ నిమిషం దాకా అలాగే అదిమిపట్టాడు. అప్పుడు సలీం విడిపించుకున్నాడు (సలీం 1). 5వ నిమిషం దగ్గర సలీం రవిని పడవేశాడు (సలీం 3). అర నిమిషంలో రవి బయటపడ్డాడు (రవి 3). ఆరున్నర నిమిషాల దగ్గర సలీం మళ్ళీ పడవేశాడు (సలీం 5). మరో అర నిమిషానికి రవి విడిపించుకున్నాడు (రవి 4). ఏడున్నర నిమిషాల దగ్గర సలీం మూడోసారి పడవేసి (సలీం 7), గడువు ముగిసేదాకా అదుపులో ఉంచాడు.

సమయం లెక్క చూడండి. రవి పైన ఉన్నది 3 నిమిషాలు. సలీం పైన ఉన్నది మూడు అర నిమిషాలు, అంటే ఒకటిన్నర నిమిషం. పాత పద్ధతిలో గెలుపు రవిదే. ఇప్పుడు పాయింట్ల లెక్క చూడండి. సలీంకు 7, రవికి 4. సమయాధిక్యం కింద రవికి మరో పాయింటు కలిపినా 7-5తో గెలుపు సలీందే.

పోటీ ఒక్కటే, కుర్రాళ్ళు వాళ్ళే, ఫలితం మాత్రం తారుమారైంది. పాత లెక్క ఒక్క పట్టును మూడు నిమిషాలు నిలుపుకున్నవాడిని మెచ్చుకుంది. కొత్త లెక్క ఓడిపోతున్నా లేచి, మూడుసార్లు దాడి చేసినవాడిని మెచ్చుకుంది. ఈ రెండింటిలో ఏది మంచి కుస్తీ? ఆ ప్రశ్నకు గడియారం సమాధానం చెప్పలేదు, మనుషులే చెప్పాలి. పాయింట్ల పట్టిక అంటే ఆ సమాధానాన్ని ముందుగానే, అందరికీ తెలిసేలా రాసిపెట్టుకోవడమే.

బోధనకు సంబంధించి మరొక ప్రయోజనం కూడా ఉంది. కింద పడ్డ కుర్రాడికి ఇప్పుడు చేయవలసిన పని దొరికింది. విడిపించుకుంటే 1, తిప్పికొడితే 2. ఓడిపోయిన పిల్లవాడికి కోచ్ "నువ్వు ఓడిపోయావు" అని మాత్రమే చెప్పనవసరం లేదు. "మూడుసార్లు పడిపోయావు, మూడుసార్లూ ఎడమకాలు ముందుకు పెట్టినప్పుడే పడ్డావు" అని స్కోరు కాగితం చూపించి చెప్పవచ్చు. ఏటా కొత్త పిల్లలకు మొదటి నుంచి నేర్పవలసిన హైస్కూలు కోచ్‌కు అలాంటి కాగితం విలువ అందరికన్నా బాగా తెలుస్తుంది.

పెద్ద పేరు తరువాత

1940లో గాలగర్ మరణించారు. ఆయన స్థానంలోకి కళాశాల వారు హైస్కూలు కోచ్ గ్రిఫిత్‌ను పిలిచారు. అంతటి దిగ్గజం తరువాత వచ్చేవారికి పోలిక తప్పదు. గెలిస్తే అది వెనకటాయన పుణ్యం, ఓడితే తన తప్పు.

గ్రిఫిత్ 1941 నుంచి 1956 వరకు ఆ బాధ్యత నిర్వహించారు. రెండవ ప్రపంచ యుద్ధం వల్ల మధ్యలో పోటీలు ఆగిపోగా, ఆయనకు దక్కినవి 13 సీజన్లు. వాటిలో 8 సార్లు, అంటే 1941, 1942, 1946, 1948, 1949, 1954, 1955, 1956 సంవత్సరాల్లో, ఆయన జట్టు కళాశాలల జాతీయ టైటిల్ గెలుచుకుంది. డ్యూయల్ మీట్లలో 78 గెలుపులు, 7 ఓటములు, 4 సమాన ఫలితాలు.

ఓటములలో కూడా నేర్చుకోవలసింది ఉంది. 1947లో జాతీయ టైటిల్ అయోవా రాష్ట్రంలోని కార్నెల్ కాలేజి అనే ఒక చిన్న కళాశాలకు దక్కింది. ఆ జట్టులోని డిక్ హౌసర్, లోవెల్ లాంగ్ మొదటి సంవత్సరం విద్యార్థులుగానే చాంపియన్లయ్యారు. ఇద్దరూ వాటర్లూ పట్టణంలోని వెస్ట్ హైస్కూలు నుంచి వచ్చినవారు. ఒక మంచి హైస్కూలు ఎంత పని చేయగలదో టల్సాలో చూపించిన గ్రిఫిత్‌కు, మరో రాష్ట్రపు హైస్కూలు పిల్లలు అదే పాఠాన్ని తిరిగి చెప్పారు!

అలాగే ఆయన శిష్యుడు డిక్ హటన్ భారీ బరువు తరగతిలో 1947, 1948, 1950లలో జాతీయ చాంపియన్. 1949లో కూడా ఫైనల్ చేరాడు కానీ మిన్నెసోటా విద్యార్థి వెర్న్ గాన్యే చేతిలో అతి స్వల్ప తేడాతో ఓడిపోయాడు. నాలుగు వరుస టైటిళ్ళ అవకాశం అలా చేజారింది. గురువు తయారుచేసిన కొలబద్ద శిష్యుడిని కూడా వదలలేదు. న్యాయమైన కొలబద్దకు ఉండవలసిన లక్షణం అదే.

1956లో గ్రిఫిత్ తప్పుకున్నాక ఆ బాధ్యత అందుకున్నది ఆయన శిష్యుడు, 1954 నుంచి వరుసగా మూడేళ్ళు జాతీయ చాంపియన్ అయిన మైరన్ రోడెరిక్. 1976లో స్టిల్‌వాటర్‌లో అమెరికా జాతీయ కుస్తీ హాల్ ఆఫ్ ఫేమ్ ఏర్పడినప్పుడు తొలి జాబితాలోనే గ్రిఫిత్ పేరు చేర్చారు.

లండన్, 1948: మట్టి నుంచి మ్యాట్ మీదికి

1948 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా కుస్తీ జట్టుకు గ్రిఫిత్ శిక్షకుడు. ఆ జట్టులో గ్లెన్ బ్రాండ్, హెన్రీ విటెన్‌బర్గ్ స్వర్ణ పతకాలు గెలిచారు. అదే పోటీలకు మన దేశం నుంచి ఇరవై రెండేళ్ళ యువకుడు ఒకరు వెళ్ళారు. ఆయన మహారాష్ట్రలోని కరాడ్ సమీపంలో గోలేశ్వర్ గ్రామానికి చెందిన ఖాశాబా జాదవ్. తొలి పాఠాలు చెప్పిన గురువు కన్నతండ్రే. కరాడ్‌లోని తిలక్ హైస్కూల్లో చదివారు. లండన్ వెళ్ళేనాటికి ఆయనకు తెలిసింది మట్టి గోదా. మెత్తటి మ్యాట్ మీద, ఒలింపిక్ నియమాలతో తలపడడం ఆయనకు కొత్త. అయినా ఆస్ట్రేలియాకు చెందిన బెర్ట్ హారిస్‌ను ఓడించారు. ఆ తరువాత గ్రిఫిత్ శిక్షణలోని అమెరికా జట్టు సభ్యుడు బిల్లీ జెర్నిగన్‌ను కూడా ఓడించారు. చివరికి ఇరాన్‌కు చెందిన మన్సూర్ రయీసీ చేతిలో ఓడి, ఆరవ స్థానంలో నిలిచారు.

నాలుగేళ్ళ తరువాత హెల్సింకీలో జాదవ్ కాంస్యం గెలిచి, స్వతంత్ర భారతదేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకాన్ని తెచ్చారు. అక్కడ జపాన్‌కు చెందిన షోహాచీ ఇషీతో సుదీర్ఘంగా పోరాడి ఓడిన వెంటనే, ఆయనను సోవియట్ క్రీడాకారుడు రషీద్ మమ్మద్‌బెయోవ్‌తో తలపడమన్నారు. పోటీల మధ్య అర గంట విశ్రాంతి ఉండాలన్నది నియమం. కానీ ఆ మాట అడగడానికి భారత అధికారి ఒక్కరూ దగ్గర లేరని, అలసిన శరీరంతోనే దిగవలసి వచ్చిందని చెబుతారు. నియమం పుస్తకంలో ఉంటే చాలదు. దాన్ని గుర్తుచేసే మనిషి మ్యాట్ పక్కన ఉండాలి. శిక్షకుడి పనిలో అది కూడా ఒక భాగం.

కనిపించని తీర్పు, కనిపించే స్కోరు

గ్రిఫిత్ పద్ధతి అమెరికా కళాశాలల్లో స్థిరపడినా, అంతర్జాతీయ కుస్తీలోకి బహిరంగమైన స్కోరు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1960ల నాటికి కూడా ఒలింపిక్ శైలుల్లో ముగ్గురు న్యాయనిర్ణేతలు ఎవరి లెక్క వారు రహస్యంగా వేసుకుని, పోటీ ముగిశాక రంగు పలకలు పైకెత్తి తీర్పు చెప్పేవారు. పోరాడుతున్నవాడికి తాను ముందున్నాడో వెనకబడ్డాడో తెలిసేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన డాక్టర్ ఆల్బర్ట్ డి ఫెరారి అంతర్జాతీయ కుస్తీ సమాఖ్య ఉపాధ్యక్షుడై, స్కోరు అందరికీ కనబడాలని పట్టుబట్టారు. ఆ తరువాత అది అమలులోకి వచ్చింది.

అంతటితో కథ ముగియలేదు. 2005 నుంచి 2013 వరకు అంతర్జాతీయ కుస్తీలో పోటీని మూడు విడి భాగాలుగా చేసి, రెండు భాగాలు గెలిచినవారిని విజేతగా ప్రకటించేవారు. దీని ఫలితం ఆలోచించండి. ఒకరు మొదటి భాగం 0-1తో ఓడి, రెండవది 5-0తో గెలిచి, మూడవది 0-1తో ఓడారనుకుందాం. మొత్తం పాయింట్లు 5-2 అతనికే ఎక్కువ, కానీ ఓటమి అతనిదే! ఫ్రీస్టైల్‌లో ఒక భాగంలో ఇద్దరికీ సున్నా వస్తే సంచిలోంచి రంగు బంతి తీసేవారు. ఆ చీటీ ఎవరికి కలిసొస్తే వారికి ప్రత్యర్థి కాలు పట్టుకుని మొదలుపెట్టే అవకాశం దక్కేది. ఏళ్ళ తరబడి చేసిన కసరత్తు చివరికి ఒక బంతి రంగు మీద ఆధారపడేది.

2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కార్యవర్గం 2020 క్రీడల నుంచి కుస్తీని తొలగించాలని సిఫారసు చేసింది. ప్రాచీన ఒలింపిక్స్ నుంచి ఉన్న క్రీడకే ముప్పు వచ్చిపడింది. సమాఖ్య అధ్యక్షుడు తప్పుకున్నారు. కొత్త నాయకత్వం కొద్ది నెలల్లోనే నియమాలు మార్చింది: మూడేసి నిమిషాల రెండు భాగాలు, మొదటి నుంచి చివరిదాకా పాయింట్ల మొత్తం కూడిక, బంతి చీటీ రద్దు. అదే ఏడాది సెప్టెంబరులో కుస్తీకి ఒలింపిక్స్‌లో మళ్ళీ చోటు దక్కింది. నియమాలను మార్చుకోవడం ఒక్కటే దీనికి కారణం కాకపోయినా, అది ముఖ్యమైన కారణం.

ఈ మార్పు ఫలితాన్ని 2016 ఆగస్టులో మనమందరం చూశాం. రియో ఒలింపిక్స్‌లో 58 కిలోల కాంస్య పతక పోరులో సాక్షి మలిక్ మొదటి మూడు నిమిషాలు ముగిసేసరికి 0-5తో వెనకబడి ఉంది. ఆ తరువాత ఒక్కొక్క పాయింటూ కూడబెట్టుకుని, ఆఖరి క్షణాల్లో కిర్గిజ్‌స్తాన్‌కు చెందిన ఐసులూ టినిబెకోవాను 8-5తో ఓడించింది. ఎంత వెనకబడి ఉందో ఆమెకు తెలుసు, ఎంత సమయం మిగిలిందో తెలుసు, ఏ పట్టుకు ఎన్ని పాయింట్లు వస్తాయో తెలుసు. స్కోరు కళ్ళెదుట ఉండబట్టే ఆ లెక్కతో పోరాడగలిగింది.

ముగింపు

గ్రిఫిత్ పట్టిక శాశ్వతమైన సత్యమేమీ కాదు. అమెరికా కళాశాలల్లోనే 2023-24 సీజన్ నుంచి టేక్‌డౌన్ విలువను 2 నుంచి 3కి పెంచారు. దాడి చేసేవారికి ఇంకా ప్రోత్సాహం కావాలని భావించారు. రేపు మరొకటి మారవచ్చు. అంకెలు మారుతున్నా, వాటి వెనుక ఆయన పట్టించిన అలవాటు నిలిచింది: దేన్ని మంచి కుస్తీ అనుకుంటున్నామో ముందుగా చెప్పాలి, దానికి విలువ కట్టాలి, ఆ లెక్క పోరాడేవారికీ చూసేవారికీ ఒకేలా కనబడాలి.

ఏ లెక్కకూ అందనివి కూడా కొన్ని ఉన్నాయి. 100లో 94 గెలిచిన బడి జట్టును రికార్డు పుస్తకం గుర్తుంచుకుంటుంది. ఒక్క పోటీ కూడా గెలవకపోయినా రోజూ సాయంత్రం వచ్చి, చాంపియన్‌కు అభ్యాసంలో జోడీగా నిలబడి, వందసార్లు కిందపడి లేచిన కుర్రాడి పేరు ఏ పట్టికలోనూ ఉండదు. అతడు లేకుండా ఆ 94 లేవు. ఆ సంగతి మంచి కోచ్‌కు తెలుసు.

ఆలోచించండి, చర్చించండి

1. రవి, సలీంల పోటీలో టేక్‌డౌన్‌కు 3 పాయింట్లు ఇస్తే స్కోరు ఎంత అవుతుంది? ఎస్కేప్‌కు కూడా 2 ఇస్తే? ఏ మార్పు ఎటువంటి కుస్తీని ప్రోత్సహిస్తుంది?

2. కబడ్డీలో బోనస్ పాయింటు ఎందుకు పెట్టారు? ఆ పాయింటు లేకపోతే రైడరు ఆటతీరు ఎలా ఉంటుంది?

3. మీ పరీక్షల్లో దేనికి ఎన్ని మార్కులో ముందే తెలియడం వల్ల మీరు చదివే తీరు ఎలా మారుతోంది? మార్కులు లేని ఏ విషయాన్ని మీరు వదిలేస్తున్నారు?